పచ్చబడ్డ నాణేల పంపకం

మన నాణేలు పదిమందికీ చూపించే రోజు వస్తే నీ పేరే ముందు రాస్తానని పెళ్లయిన కొత్తలో నా భార్యకు మాటిచ్చి, తీరా ఆ రోజు వచ్చాక మాట తప్పినవాణ్ణి. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. వయసు డెబ్బై తొమ్మిది. నడుము వంగినా బుద్ధి సరిగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవి రెండున్నాయి. రెండూ కోపంలో రాసినవే. రెండూ రద్దు.

1. దీన్ని అమలు చేయవలసింది నా కూతురు. అల్లుడికి ఏ బాధ్యతా లేదు. మా ఇంట్లో కాఫీ తాగిన ప్రతిసారీ "మామయ్యగారూ, ఆ నాణేలు ఇప్పుడెంత పలుకుతాయంటారు?" అని అడిగినందుకు, నాణేలు తూచే నా చిన్న త్రాసు అతనికి ఇస్తున్నాను. ఇకనుంచి తనే తూచుకోవచ్చు.

2. నా స్వార్జితమైన ఇల్లు, ఇంట్లో సామాను, బ్యాంకులో ఉన్న సొమ్ము నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందుతాయి. వీధి గది కిటికీ రెక్కను కాస్త పైకెత్తి మూయాలి. ఈ సంగతి ఇల్లు కట్టిన మేస్త్రీకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

3. నా భార్య తమ్ముడు ఇన్నేళ్లలో తీసుకెళ్లిన నా పుస్తకాలన్నీ ఇకపై ఆయనవేనని ఒప్పుకుంటున్నాను. "చదివి ఇచ్చేస్తాను బావా" అన్నాడు. ఇంకా చదువుతున్నాడనుకోవాలి. మిగిలినవి వీధి చివరి గ్రంథాలయానికి. పెద్ద నిఘంటువు మాత్రం ఎదురింటి దర్జీకి. ఇస్త్రీ మడతల మీద బరువు పెట్టడానికి వాడతాడని తెలుసు. వాడుకోనివ్వండి, మనిషి మంచివాడు.

4. ఇక నాణేలు. అమ్మా, ఈ నిబంధన నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువు.

అవి నేను కూడబెట్టినవని ఊరంతా అనుకుంటుంది. నేనే అలా అనుకోనిచ్చాను. మీ అమ్మ సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ, చిల్లర సంచిలో పడిన విచిత్రమైన నాణేన్నల్లా వేలికొసతోనే గుర్తుపట్టేది. బొమ్మ రెండుసార్లు పడినవి, అచ్చు పక్కకు జరిగినవి, ఒకవైపు ఏమీ లేకుండా నున్నగా ఉన్నవి. డ్యూటీ దిగి వచ్చి బల్ల మీద పెట్టి, "నా డబ్బులు వేసి ఇది తీసుకున్నానండీ. లెక్కలో పైసా తేడా రాలేదు" అనేది. రోజంతా తప్పులు వెతికి జీతం తెచ్చుకునే నాకు, టంకశాల వాళ్ల తప్పులు చేతికి దొరకడం పండగలా ఉండేది. ఏరింది ఆమె. వివరాలు రాసింది నేను. అంతే నా వంతు.

నాణేల సంఘం ప్రదర్శన పెట్టినప్పుడు చీటీ మీద నా పేరొక్కటే రాశాను. కండక్టరు పేరు పెడితే నవ్వుతారనుకున్నాను. ఆమె ఖాకీ యూనిఫాంలోనే వచ్చి, అద్దం మీదికి వంగి చీటీ చదివింది. "బాగుంది. అక్షరదోషాలు లేవు" అని, రెండో ట్రిప్పుకి టైమవుతోందని వెళ్లిపోయింది. ఆ తర్వాత కొత్త నాణెం ఏదీ ఇంటికి తేలేదు.

ఆ ప్రదర్శనలోనే సంఘం కార్యదర్శి మెత్తటి ప్లాస్టిక్ పేజీల ఆల్బములు అమ్మాడు. "మాస్టారూ, ఇందులో పెట్టి మరిచిపోండి, మీ మనవలు తీసినా నిగనిగలాడతాయి" అన్నాడు. పెట్టాను. పైన పాలిథిన్ చుట్టి, టేపు వేసి, ట్రంకు పెట్టెలో పెట్టి, వంటింటి అటక మీదికెక్కించాను. కింద పొయ్యి వేడి, ఆవిరి. నిజంగానే మరిచిపోయాను.

మీ అమ్మ పోయాక డిపోలో విశ్రాంతి గది గోడకు అద్దాల పెట్టె చేయించారు. వాటిని ఏరింది ఆమేనని తెలిసిన తోటి కండక్టర్లు ఆ నాణేలు కావాలని అడిగారు. "ఈసారైనా అమ్మ పేరు పెడతావా నాన్నా?" అన్నావు. పెడతానన్నాను. ఆ మర్నాడే అటక మీది ట్రంకు పెట్టె దించాను.

పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రాగి నాణేల మీద పచ్చటి జిగురు. వెండిరంగువి బూడిదరంగు చెమట పట్టి ఉన్నాయి. తుడిస్తే అడుగున మశూచి మచ్చల్లా గుంటలు. అప్పటికైనా ఊరుకోవలసింది. రెండుసార్లు బొమ్మ పడిన నాణేన్ని, ఆమెకు అన్నింటికన్నా ఇష్టమైనదాన్ని, నిమ్మచెక్కా ఉప్పూ వేసి రుద్దాను. ఆ బొమ్మ ఒక్కసారి పడినట్టు కూడా లేదిప్పుడు.

ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరుతుందట. ప్లాస్టిక్ పాడవుతూ వదిలే ఆమ్లం లోహాన్ని తింటుందట. ఇదంతా తర్వాత చదివాను. ఇంటినిండా పుస్తకాలు పెట్టుకుని, చదవవలసింది చదవవలసినప్పుడు చదవలేదు. పెట్టె మళ్లీ మూసేశాను. నువ్వు అడిగినప్పుడల్లా "వివరాలు రాస్తున్నాను, ఆగు" అంటున్నాను. రాయడం లేదు. నీ మొహం చూస్తూ చెప్పలేక ఇక్కడ చెబుతున్నాను.

5. పేజీలు చాలక ప్రూఫు కాగితాల్లో పొట్లాలు కట్టిన నాణేలు కొన్ని మిగిలాయి. నల్లబడ్డాయి గాని చెడిపోలేదు. వాటిని డిపో అద్దాల పెట్టెలో పై అరలో, మీ అమ్మ పూర్తి పేరుతో, ఒక్క ఆమె పేరుతోనే పెట్టాలి. చెడినవి కింది అరలో పెట్టాలి. అక్కడి చీటీ మీద "వీటిని భద్రపరిచినవాడు" అని నా పేరు ఉండాలి. ఆమె పేరు ఆ అర దరిదాపుల్లో కూడా ఉండకూడదు. వేటినీ తోమకూడదు. కింది అర వద్దని డిపోవాళ్లు అంటే, అది లేకుండా పై అర కూడా ఇవ్వనని చెప్పు. నా పరువు సంగతి నువ్వు చూడనక్కర్లేదు.

6. ఆమె టికెట్ పంచ్ నా అల్మరాలో చొక్కాల అడుగున ఉంది. రిటైరైనప్పుడు డిపోకి తిరిగి ఇచ్చెయ్యాల్సింది. పోయిందని నేనే వెళ్లి అబద్ధం చెప్పి జరిమానా కట్టాను. ఆమెకు తెలియదు. అది నీది.

7. నాకు నష్టం చేసినవారి గురించి. నా జీతం బకాయి ఎగ్గొట్టిన ప్రెస్సు యజమానిని క్షమించను, ఆయనకు అది పట్టదు కూడా. సంఘం కార్యదర్శిని మాత్రం వదిలేస్తున్నాను. తిట్టిపోద్దామని వాళ్లింటికి వెళ్తే, తన ఆల్బములు నా ముందు పరిచాడు. అవి నావాటికన్నా పచ్చగా ఉన్నాయి. "మాస్టారూ, మీరేమీ అనకండి" అన్నాడు. ఆ ఆల్బములు నేనే మూసిపెట్టి వచ్చేశాను.

అల్లుడి మీద, బావమరిది మీద ఉన్నది చికాకే, అంతకుమించి లేదు. మనసులో ముల్లులా మిగిలింది ఒక్కరి మీదే. ఏడాదికోసారి ఆ ట్రంకు పెట్టె దుమ్ము దులిపే మనిషి ఒకసారి అటక దగ్గర నిచ్చెన మీదనుంచి, "ఏమండీ, ఇందులోంచి కొత్త రెయిన్‌కోటు వాసన వస్తోంది. ఒకసారి విప్పి చూడకూడదూ?" అంది. "తెలియనివాటిలో తలదూర్చకు" అన్నాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. టికెట్టు కొననివాణ్ణి కాలరు పట్టి దించిన మనిషి, కిక్కిరిసిన బస్సులో ఆ చివరివాడికి వినపడేలా కేకేసిన మనిషి, నా దగ్గర ఒక్కసారి చెప్పి ఊరుకుంది. రెండోసారి చెబితే తిట్టేవాణ్ణి. మూడోసారికి విప్పేవాణ్ణి. ఇలా రాయడం అన్యాయమని తెలుసు, సిగ్గుగానే ఉంది. కానీ సంతకం పెట్టే కాగితంలో అబద్ధం రాయలేను. నేను ఇప్పటికీ తప్పుపడుతున్నది నా భార్యను.

నవంబరు 14, 2019

(సంతకం) ప్రూఫుల మాస్టారు

సాక్షులు:
1. ఎదురింటి దర్జీ
2. మందుల షాపు యజమాని
(ఇద్దరూ చదవకుండా, నేను సంతకం పెట్టడం చూసి సంతకాలు చేశారు.)