మిషను బాగైంది, గేటు తెరుచుకోలేదు

జూన్, మంగళవారం రాత్రి

ఎంబీఏ దరఖాస్తులో 'ఈ కోర్సు ఎందుకు?' అన్న గడి ఇవాళ కూడా ఖాళీయే. 'నాయకత్వ లక్షణాలు పెంచుకోవడానికి' అని రాసుకుంటే నాకే ఒళ్లు మండి చెరిపేశాను.

అసలు కారణం పొద్దున పూతలపట్టు రోడ్డు మీద, నేను పనిచేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట, ట్రాక్టరు మీద కూర్చుని ఉంది. మా నాయన!

ఆదివారం నేనే గొప్పగా ఫోన్ చేశాను, పాడైన గుజ్జు మిషను బాగుచేసేశాను, కాయలు కోయించెయ్యమని. ఇంజనీరు కొడుకు మాట కదా, తోటంతా కోయించాడు. రెండు రోజులుగా తోతాపురి కాయలు ఎండలో మెత్తబడుతున్నాయి. లోపల నా మిషను ఊరికే నిలబడి ఉంది. కాయల రేటు ఇంకా తేలలేదని మేనేజరు గేటు తీయనివ్వడం లేదు. వెళ్లి అడిగితే తలెత్తకుండానే, "నువ్వు మిషను సూసుకో సామీ, ఇది మేనేజ్‌మెంట్ సంగతి" అన్నాడు. నాలుగేళ్ల ఇంజనీరింగులో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

బయటికొచ్చి నాయనకి నీళ్ల బాటిల్ ఇచ్చాను. తిట్టినా బాగుండేది.

"తప్పు నాదేలేప్పా. మిషను బాగయిందా అని అడిగినాను గానీ, గేటు ఎవురి సేతిలో ఉండాదో అడగలా" అన్నాడు.

ఆ గడిలో ఇప్పుడు ఆ మాటే రాశాను. ఐదు వందల పదాలు కావాలట. నా దగ్గర నాయన అన్న ఆ మాటకి మించి ఏమీ లేదు.

నాయన ఇంకా ట్రాక్టరు మీదే ఉన్నాడు.