పసుపు గుడ్డలో లాటిన్ కాగితాలు

తమ్ముడు రాయప్పకు పెద్దక్క దీవెనలు.

నువ్వు పోయాక పసుపు తవ్వకాలు రావడం ఇది రెండోసారి. మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి వీస్తే నిజామాబాద్ అంతా నీ ట్రంకు పెట్టెల వాసనే... అక్కడా నీకు దుమ్ముకు తుమ్ములు వస్తున్నాయా?

బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ మూతపడి జనం చెదిరిపోయిన పల్లెల్లో, తాళాలు పడ్డ చిన్న చర్చిల్లో, చిత్తు కింద పారేయబోతున్న కాగితాలు ఏరి తెచ్చావు. పాతకాలం ఫాదర్లు లాటిన్‌లో రాసుకున్న జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, చావులు. మన చర్చి పెద్దలు నిన్ను చిత్తుకాగితాలోడని నవ్వేవారు.

ఇప్పుడు వాళ్లే నీ ఫోటోకు దండ వేశారు. చర్చి పండుగకు ప్రదర్శన పెడతామని ఒక పెట్టె తీసుకుపోయారు. చర్చి సంఘం అధ్యక్షుడు మైకులో నిన్ను సొంత తమ్ముడన్నాడు. నీ మట్టికి రాని మనిషి!

పెట్టె తెరిచి ఏం చేశారో తెలుసా? నువ్వు చుట్టిన పసుపు గుడ్డలు చూసి, పూజ సామాను చర్చిలోకి ఎందుకని బయట పారేశారు. పసుపు పండే నేల మీద పుట్టి కూడా, అది పురుగు పట్టకుండా కట్టిందని వాళ్లకు తోచలేదు. కాగితాలను ప్లాస్టిక్‌లో అతికించి గోడకు కొట్టారు. ఒకటి తలకిందులుగా... సిలువ గుర్తు కిందికి ఉంది. దాని ముందే నిలబడి అందరూ ఫోటోలు దిగారు.

గోడకెక్కనివి వంటపాత్రల గదిలో నేల మీద పడేశారు. వానాకాలం పోయాక వెళ్లి చూస్తే చెదల మట్టి మిగిలింది.

నువ్వనేవాడివి, "పెద్దక్కా, చెదలకు లాటిన్ రాదే. అయినా ఒక్క అచ్చరం ఇడువకుండ సదువుతయ్" అని. మన పెద్దలకంటే అవే నయం.

ఇక మిగిలింది రెండో పెట్టె ఒక్కటే. అదీ కావాలట. మ్యూజియం గది కట్టారు. తలుపు మీద పాలరాయి, దాని మీద అధ్యక్షుడి పేరు. లోపల ఏమీ లేదు. ఆదివారం ప్రార్థన కాగానే మనిషిని పంపుతారట.

జపమాలలో రోజూ వాళ్లనూ తలుస్తాను. క్షమించు ప్రభువా అనబోతాను... పూస మీద వేలు ఆగిపోతుంది. ఎందుకో నీకు తెలియదా?

"సదివెటోళ్ల చేతిల వెట్టు అక్కా, సూపిచ్చుకునెటోళ్లకు ఇయ్యకు." ఆస్పత్రిలో నువ్వన్న మాట. హైదరాబాద్‌లో లాటిన్ బోధించే ముసలి ఫాదర్ ఒకరు రమ్మని కబురు చేశారు. శనివారం పొద్దున బస్సుకు పోతున్నాను.

నందిపేట్ పసుపుతో కొత్త గుడ్డలు అద్దాను, ఆరాయి. రెండో పెట్టెలోని కాగితాలన్నీ వాటిలో మూట కట్టాను. మూట బస్సు పైన వేయను, దారంతా ఒళ్లోనే పెట్టుకుంటాను.

ఖాళీ ట్రంకు పెట్టె మాత్రం వాకిట్లో ఉంచిపోతా. వాళ్ల మ్యూజియంలో పెట్టుకోనీ.

నీ పెద్దక్క