చేపగుంటల వెనక కొంగగూడు

తుంబాంగ్ రాయ పల్లె,
ఆగస్టు 2, ఆదివారం

ప్రియమైన లామియాంగ్ అక్కకు,

తీర్పు దినాన ప్రభువు "నీకిచ్చిన దినాలు ఏం చేశావమ్మా?" అని అడిగితే ఏం జవాబిస్తావు? "రక్షిత అడవిలో కావలి మంచెక్కి బట్టతల కొంగలను లెక్కపెట్టాను తండ్రీ" అంటావా? నువ్వు ఆరాధనకు రాక మూడు ఆదివారాలైంది. "సంఘపెద్ద ఉంబిన్ గారిదీ బట్టతలేగా, ఆయన్ని వచ్చి లెక్కపెట్టుకోమను వదినని!" అంటోంది నీ మరదలు.

నీరు తీస్తోంది. అడవి అంచున నాన్న తవ్విన మూడు చేపగుంటల్లోకీ కొర్రమీను దిగింది. గురువారం గట్ల మీద గడ్డికి నిప్పు పెడతాను. నాన్న ఏటా పెట్టాడు, తాత పెట్టాడు. భూమిని ఏలుకోమని మనిషికి దేవుడే అప్పజెప్పాడు. పులియబెట్టిన చేప ఒక సీసా పంపుతున్నాను. ప్రార్థన చేసుకుని తిను.

నీ తమ్ముడు,
రంబాంగ్

మంచె దగ్గర నుంచి,
ఆగస్టు 4

బంగారు తమ్ముడికి,

నీ ప్రసంగం అందింది, చేప కూడా. చేప బాగుంది.

ఒరేయ్, నిప్పు పెట్టకు. గుంటల వెనక పొడుగు చెట్టు మీద కొంగ గూడు కట్టింది. నాలుగు వేసవుల తర్వాత ఇదే మొదటి గూడు. రెండు పిల్లలు. ఒంటి నిండా నూగు, ఎప్పుడూ తెరిచిన నోరు, అచ్చం చిన్నప్పటి నువ్వే. అవి ఎగరడానికి ఇంకా ఐదు వారాలు కావాలి.

నాన్న ఏటా నిప్పు పెట్టిన మాట నిజమే. అప్పుడు నేల అడుగున నీరుండేది. గడ్డి కాలాక నిప్పు దానంతటదే చచ్చేది. కలపవాళ్లు కాలువ తవ్వాక ఆ నీరంతా నదిలోకి జారిపోయింది. అక్కడున్నది మన్ను కాదురా, వేల ఏళ్లుగా కుళ్లిన ఆకు, కొయ్య. ఇప్పుడది మనిషి లోతున ఎండిపోయి ఉంది. నిప్పు దిగిందంటే పైకి కనబడకుండా లోలోపలే నడుస్తుంది. గడ్డి కత్తితో కోయి. నేనూ వచ్చి కోస్తాను.

ఏలుకోమన్న మాట చదివావు. ఆకాశంలో కొంగకైనా తన కాలం తెలుసు, నా జనానికే తెలియలేదని ప్రవక్త ఏడ్చిన మాట చదవలేదా?

నీ అక్క,
లామియాంగ్

తుంబాంగ్ రాయ,
ఆగస్టు 13

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. అప్పటికే పని అయిపోయింది. కంగారుపడకు, ఒక్క గుంట గట్టే కాల్చాను. ఇరవై బిందెలు పోశాను. పొగైనా లేదు.

నీ కొంగ గుంట అంచున నిలబడి, దశమభాగం కోసం వచ్చిన పెద్దమనిషిలా నన్ను చూస్తోంది. ఒక చేప విసిరితే గుటుక్కున మింగింది. కృతజ్ఞత లేని ప్రాణి! పిల్లలు క్షేమం. ఒక్కటే విచిత్రం: తెల్లవారుజామున గట్టు మీద మోకరిస్తే నేల వెచ్చగా తగిలింది. నొప్పెట్టే మోకాళ్లకు ఎంత హాయి! ప్రభువుకు స్తోత్రం.

నీ రంబాంగ్

మంచె,
ఆగస్టు 14

నాయనా తమ్ముడూ,

పొద్దు పొడవకముందు నేల ఎందుకు వెచ్చగా ఉంటుందిరా? గడ్డపార తీసుకుని మోకరించిన చోటే తవ్వు. చెయ్యి మాత్రం లోపల పెట్టకు.

అక్క

తుంబాంగ్ రాయ,
ఆగస్టు 15

అమ్మలాంటి అక్కకు,

తవ్వాను. మోచేతి లోతున ఎర్రగా ఉంది.

నీకు అబద్ధం రాశాను. నీ ఉత్తరం బుధవారమే చేరింది. చదివి, మడిచి, లేఖనాల మధ్య దాచి, మర్నాడు మూడు గట్లకూ నిప్పంటించాను. నాన్న చేసిన పని ఇప్పుడు తప్పయిందంటే నా మనసు ఒప్పలేదు. గర్వం అక్కా. దాని మీదే ఎన్ని ప్రసంగాలు చేశానో!

ఇవాళ గాలి లేకుండానే రెండు చెట్లు ఒరిగాయి. వేళ్లు లోపలే కాలిపోయాయి. నిప్పు గూడు చెట్టుకు ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. పిల్లలకు రెక్కలు రాలేదు. తల్లి వాటిని వదిలి కదలడం లేదు.

ప్రార్థన మందిరం గంట కొట్టి అందరినీ పిలిచాను. ప్రసంగం చెయ్యలేదు, చేసిన పాపం చెప్పాను. "ఇన్నాళ్లూ నరకం గురించి చెప్పావు బోధకుడా, ఇవాళ చూపించావు. పద," అని ఉంబిన్ గారు పార అందుకున్నారు. ఇరవై ఏడుగురం చెట్టు చుట్టూ కందకం తవ్వుతున్నాం. గుంటల నీళ్లు తోడి పోస్తున్నాం. చేపలు పోతే పోనీ. ఆ నీళ్లు సాయంత్రం దాకా కూడా రావు. నది నుంచి నీళ్లు లాగే పంపు మీ దగ్గరే ఉంది.

ఈ ఉత్తరం తెచ్చిన పడవను అక్కడే ఆగమన్నాను. పంపు, గొట్టాలు, నీ తోటి కావలివాళ్లు, అందరినీ ఎక్కించు. నన్ను తిట్టడం తర్వాత. అంతా పడతాను.

నీ తమ్ముడు,
రంబాంగ్

ఇంకా చదువుతున్నావా? లే అక్కా! ఈరోజే, ఈ క్షణమే పడవెక్కు!