నవమికి లేని గడి

బావగారికి నమస్కారం.

మీ ప్రెస్సులో క్యాలెండర్ ఇంకా అచ్చుకెక్కలేదనుకుంటాను. నిన్న ఫోనులో, మీ మేనకోడలు తిథుల లెక్కలో నవమిని మర్చిపోయింది, బుధవారం గడిలో వేసేయండి అన్నాను కదా. దయచేసి తీసేయండి.

అష్టమి పక్కనే దశమి కనబడేసరికి ప్రూఫు పట్టుకుని దాన్ని కేకలేశాను. అది గొంతు కూడా పెంచలేదు. "సూర్యోదయానికి ఏ తిథి ఉంటే అదే ఆ రోజు గడిలో రాయాలని నేర్పింది మీరే కదా నాన్నా. నవమి మంగళవారం పొద్దెక్కాక వచ్చి, బుధవారం పొద్దు పొడవకముందే వెళ్ళిపోయింది. ఇంక ఏ గడిలో రాయమంటారు?" అంది.

కళ్ళజోడు తుడుచుకుని మొదటినుంచీ మళ్ళీ లెక్క కట్టాను. నిమిషం తేడా లేదు. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తప్పు నాదని తేలినందుకు ఇంత సంబరపడటం మాత్రం ఇదే మొదలు.

ఇంకో మాట. అట్ట మీద గణితకర్తగా ఈసారి దాని పేరే వేయండి. మీ పేరే ఉండనివ్వండి నాన్నా అని మొహమాటపడుతోంది, మీకు ఫోను చేసినా వినకండి. నవమికి గడి లేకపోయినా ఫరవాలేదు గానీ, మా అమ్మాయి పేరుకు చోటు ఉండి తీరాలి.

మీ బావమరిది,
నిన్నటిదాకా గణితకర్త