ఎవరి సీసా

శాన్ కసిమీరో,
1978 మార్చి 5, ఆదివారం.

చెల్లి రోసౌరాకు అక్క బెనీత ముద్దులతో రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యం రాసి కొట్టేశాను. పైన సిరా మరకలా కనిపిస్తున్నది అదే. నేను మాత్రం ఈ పూటకు క్షేమం. నువ్వు ఆ పన్ను పీకించుకున్నావా, ఇంకా లవంగం నూనెతోనే నెట్టుకొస్తున్నావా? పుంటా గోర్డాలో వానలు తగ్గాయని రాశావు. ఇక్కడ చెరకు కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఆరేసిన బట్టల మీదంతా చెరకు ఆకు కాల్చిన మసి.

నీ క్లాసులో స్పానిష్ మాట్లాడే పిల్లలు 'గివ్ టు మీ ఇట్' అని రాస్తున్నారని, ఎన్నిసార్లు దిద్దినా అంతేనని ఏడ్చావు. చదివి నవ్వుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను ఏడుస్తున్నదీ దాని గురించే. ఇంగ్లీషులో ఇవ్వడం అనే మాటకు రెండు చేతులున్నాయని చెప్పు. ఒక చేత్తో మనిషిని పట్టుకుంటుంది, ఇంకో చేత్తో వస్తువును. మనిషి ముందొస్తే 'గివ్ మీ ద బుక్', మధ్యలో ఏమీ అక్కర్లేదు. వస్తువు ముందొస్తే మనిషికి ముందు 'టు' పెట్టాలి, 'గివ్ ద బుక్ టు మీ'. వస్తువు పేరు పోయి వట్టి 'ఇట్' మిగిలితే మాత్రం దాన్నే ముందు నడిపించమను, 'గివ్ ఇట్ టు మీ'. రెండు వారాల్లో పట్టేస్తారు.

అసలు గొయ్యి ఆ తర్వాత ఉంది. మన స్పానిష్‌లో 'లె దియో సు లిబ్రో' అంటే పుస్తకం చేతులు మారినట్టే. ఇచ్చింది ఆడో మగో అందులో లేదు. పుచ్చుకున్నది ఎవరో లేదు. 'సు' అంటే అతనిదీ కావచ్చు, ఆమెదీ కావచ్చు, వాళ్లదీ కావచ్చు, మర్యాదగా మాట్లాడితే ఎదుటివాళ్లదీ కావచ్చు. ఇంగ్లీషు అలా ఊరుకోదు. హి అనాలా షి అనాలా, హిమ్మా హర్రా, హిజ్జా హర్రా, అన్నీ తేల్చమంటుంది. తెలిస్తే రాయాలి, తెలియకపోతే అడగాలి. ఈ చివరి మాట పిల్లలకు గట్టిగా చెప్పు. అడగాల్సిన చోట ఒక్కసారి నేను అడగలేదు.

సెల్సా కేసు ఏమైందని అడిగావు. ఈ నెల పదహారున ఆరెంజ్ వాక్ కోర్టులో విచారణ. భర్త బోనిఫాసియోకు కలుపు మందు తాగించి చంపిందని ఆమె మీద కేసు. పాపం ఏడు వారాలుగా జైల్లో ఉంది. తోటలో ఆ రోజు ముగ్గురున్నారు. బోనిఫాసియో, అన్నం తెచ్చిన సెల్సా, పక్క సాళ్లలో చెరకు నరుకుతున్న బోనిఫాసియో అన్న కాందిదో. కంచె అవతలి నుంచి చూసింది ముసలమ్మ దోన్యా తిబూర్సియా ఒక్కతే.

మన సార్జెంటుకు స్పానిష్ రాదు కదా, నన్ను పిలిపించాడు. ముసలమ్మ చెప్పింది చెప్పినట్టు నా నోటు పుస్తకంలో స్పానిష్‌లో రాసుకున్నాను. 'లె దియో సు బోతేయా. తాగాడు. పడిపోయాడు.' అంతే. సీసా ఇచ్చారట. ఎవరిచ్చారో, ఎవరి సీసానో ఆ మాటలో లేదు.

"ఇంగ్లీషులో చెప్పండి టీచర్, టైపు చేసుకుంటా" అన్నాడు సార్జెంటు.

"షి గేవ్ హిమ్ హర్ బాటిల్" అన్నాను.

ఆమె అతనికి తన సీసా ఇచ్చింది. నా నోటి నుంచి అంత సులువుగా వచ్చింది రోసౌరా. దోన్యా తిబూర్సియా నా పక్కనే కూర్చుని ఉంది. తల తిప్పి "ఎవరమ్మా ఇచ్చింది?" అని అడిగితే సరిపోయేది. అడగలేదు. ఊరంతా అప్పటికే సెల్సా పేరు చెబుతోంది. నది అవతలి నుంచి వచ్చిన పిల్ల, ఎవరితోనూ కలవదు. ఒకసారి పండక్కి నేను వండిన తమాలెస్‌లో ఉప్పు లేదని పదిమందిలో నవ్వింది కూడా. నాకు తెలుసనుకున్నాను.

ఇంతవరకు పొరపాటు అనుకో. ఇంకొకటి ఉంది. మూడు ఉత్తరాలుగా నీకు రాయబోయి మానేశాను.

జనవరి చివర్లో తిబూర్సియాకు ఒంట్లో బాగోలేదంటే మొక్కజొన్న గంజి పట్టుకెళ్లాను. మంచం మీంచే నన్ను నిలదీసింది.

"ఏమ్మాయ్, ఆ కాందిదోని ఎప్పుడు పట్టుకెళ్తారు? దర్జాగా నా గుమ్మం ముందే తిరుగుతున్నాడు!"

"కాందిదోనా? అతన్నెందుకు దోన్యా?"

"నీకు చెవుడొచ్చిందేంటే? చెప్పాను కదా, సీసా ఇచ్చాడని! నడుముకు కట్టుకున్న సీసా తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల అప్పటికింకా గిన్నెల మూట విప్పుతోంది."

మర్నాడే ఠాణాకు వెళ్లి దిద్దించాల్సింది. వెళ్లలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్న టీచరు హిజ్, హర్ తప్పు రాసిందని ఊరు నవ్వుతుందని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు కోసం ఒక ఆడదాన్ని జైల్లో ఉంచాను. నాలుగో రోజున దోన్యా తిబూర్సియా నిద్రలోనే పోయింది. ముందురోజు మధ్యాహ్నం కాందిదో ఆమెకు నారింజ రసం ఇచ్చి వెళ్లాడట. ఎనభై నాలుగేళ్ల ప్రాణం, పోయే వయసేలే అన్నారు అందరూ. నేనూ అన్నాను. శవపేటికకు ముందు భుజం పట్టింది కాందిదోనే. అన్నదమ్ముల ఉమ్మడి చెరకు తోట ఇప్పుడు అతనొక్కడిదే.

మొన్న శుక్రవారం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని ఎంత వినయం!

"టీచరమ్మా, ముసలమ్మ మాటలు మీరు రాసుకున్న పుస్తకం మీ దగ్గరే ఉందట కదా. నాకివ్వండి. తమ్ముడి గుర్తుగా దాచుకుంటా."

"ఎక్కడో పెట్టాను కాందిదో, వెతకాలి."

"వెతకండి, తొందరేం లేదు. మీరు ఒంటరిగా ఉంటారు కదా, నేనే వచ్చి పట్టుకెళ్తాలెండి."

ఈరోజు పొద్దున చర్చి నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల మీద ఒక సీసా ఉంది. మొక్కజొన్న బెండుతో బిగించిన మూత. లోపల నారింజ రసంలా కనిపిస్తోంది. అలమరలో నా పుస్తకాలన్నీ కిందామీదా అయి ఉన్నాయి. కిటికీ తీస్తే కంచె అవతల కాందిదో గుర్రాన్ని విప్పుకుంటున్నాడు.

"లె దెఖె సు బోతేయా, మయెస్త్రా!" అని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

సీసా అక్కడ పెట్టాను టీచరమ్మా అని. అందులోనూ ఆ 'సు' ఉంది. మీ సీసా అన్నాడా, అతని సీసా అన్నాడా? నాకు సీసా లేదు రోసౌరా. ఎప్పుడూ లేదు.

భయంగా ఉంది. దాచుకుని లాభం లేదు. నోటు పుస్తకం నా సంచిలో ఉండబట్టి దక్కింది. దాన్ని, ఆ సీసాను గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. బస్సు డ్రైవరు మన మేనత్త కొడుకే, నీ చేతికే ఇస్తాడు. మూత తియ్యకు, వాసన చూడకు. పుస్తకం, సీసా రెండూ తిన్నగా సెల్సా లాయరుకు ఇవ్వు. రేపు పొద్దున్నే నేను ఠాణాకు వెళ్లి తప్పు నాదేనని చెబుతాను. పదహారున కోర్టులోనూ చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ.

ఒకవేళ ఆ రోజు నేను రాలేకపోతే నువ్వు నిలబడి చెప్పు. హి, హిమ్, హిజ్ అనకు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ మగవాళ్లే అయితే ఇంగ్లీషు కూడా మన భాషలాగే తలుపు తీసి పెడుతుంది, ఎవరైనా దూరిపోవచ్చు. పేర్లు పెట్టి చెప్పు. కాందిదో బోనిఫాసియోకు కాందిదో సీసా ఇచ్చాడు.

రెండో వాక్యం కూడా అలాగే చెప్పు. కాందిదో బెనీతకు కాందిదో సీసా ఇచ్చాడు.

ఇట్లు,
నీ అక్క
బెనీత