ఘటం నా తల మీద పెట్టినవారికి

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు వెనక బస్తీలో కాపురముంటున్న నూకరాజు భార్య ప్రశాంతి అనే నేను, వయస్సు ఇరవై ఆరు, చదువు ఆరో తరగతి, తెలివి నిలకడగా ఉండగా నా చేతిరాతతో రాసిపెట్టిన వీలునామా. ఇంట్లో నా మీద బలవంతాలు చాలా ఉన్నాయి. ఈ కాగితం మీద మాత్రం లేవు.

బస్తీ ఖాళీ చేయమని రైల్వేవాళ్లు నోటీసు అంటించారు. బస్తీ కమిటీ టెంటు వేసి చేయించిన వంతులవారీ నిరాహార దీక్షలను ఎవరూ పట్టించుకోలేదు. అందుకని రేపు ఉదయం వర్క్‌షాపు సైరన్ మోగాక నేను ఆ టెంటులో ఆమరణ దీక్షకు కూర్చుంటాను. నలుగురిలో నాకు గొంతు పెగలదు కనుక రాస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్కింటి ఏంజెలా టీచరుగారిది.

1. నా కుట్టుమిషను ఆడపడుచు సాహిత్యకు. బెల్టు జారుతోంది, గోల్‌బజార్‌లో కొత్తది కొనుక్కోవాలి. కమిటీ పెద్ద అమర్‌నాథ్ దాదాకు దాని మీద ఏ హక్కూ లేదు. బ్యానర్లన్నీ కుట్టింది నేను, మైకు వదలనిది ఆయన. టీ కాచడానికి తప్ప మా ఆడవాళ్లను పిలవరు.

2. నా భర్త పనికోసం మేమిద్దరం మస్కట్ వెళ్లడానికి కొన్న చక్రాల పెట్టె ఆయనకే. అక్కడికి వెళ్లాలని నాకు లేకపోలేదు. ఇంట్లోనే కుళాయి, పని నుంచి తిన్నగా ఇంటికొచ్చే మొగుడు, ఎవరికి చేదు? "మా ముత్తాత ఇచ్ఛాపురం నుంచి వచ్చినప్పుడు ఇదీ పరదేశమే గదా, నీకేటి భయం?" అన్నారాయన. ముత్తాత వచ్చేశాక ఇచ్ఛాపురంలో ఆయన ఇంటిని ఎవరూ కూల్చలేదు. మనం వెళితే తిరిగి రావడానికి గుమ్మం ఉండదు. ఈ జవాబు ఆరోజే చెప్పవలసింది.

3. నా వెండి పట్టీలు అత్తగారు పోలమ్మగారికి. అమ్ముకోకూడదు. ప్రయాణం శుభంగా సాగాలని ఈ ఏడు అమ్మవారి ఘటం నా తల మీద పెట్టించింది ఆవిడే. ఎత్తిన మనిషి ఘటం నీళ్లలో దిగేదాకా పొలిమేర దాటకూడదు. పండగ ముగియగానే దిగిపోతుందని ఆవిడ లెక్క. నోటీసు వెనక్కి తీసుకునేదాకా దించేది లేదని బస్తీ ఆడవాళ్లు దాన్ని టెంటులోనే ఉంచేశారు. టికెట్టు తేదీ దాటిపోయింది. "నా సేతుల్తో నేనే దీని కాళ్లకి బంధం ఏసినాను" అని ఆవిడ రోజూ నెత్తి కొట్టుకుంటున్నారు.

4. టెంటులో ఘటం పక్కన నేను కూర్చునే చోటు ఎవరికీ రాసివ్వను. ఎవరైనా కూర్చోవచ్చు. అత్తగారు వస్తే నా దిండు ఇవ్వండి. ఆవిడకు మోకాళ్ల నొప్పులు.

5. నా పాస్‌పోర్టు నా ట్రంకులోనే ఉండాలి. ఘటం దిగేనాటికి బతికుంటే, వెళ్లేదీ లేనిదీ నేనే చెబుతాను.

6. ఈ ఒక్క షరతు నా చావుదాకా ఆగనక్కర్లేదు. "అమ్మోరు ఆపేసింది భాయ్, మా ఇంటిది రాదు" అని నా భర్త ఫోనులో అందరికీ చెబుతున్నారు. బస్తీ కూడా అదే అంటోంది. రేపు ఏంజెలా టీచరుగారు మైకు తీసుకుని ఇది చదవాలి: పండగ చివరిరోజు ఘటం దించుదామని పూజారిగారు అడిగినప్పుడు, ముందుగా "వద్దు" అన్నది నేను. నా గొంతు చిన్నది. వెనకనున్న ఆడవాళ్లు అందుకుని అరిచారు కనుక ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియలేదు. అమ్మవారు నన్ను ఆపలేదు. నేనే ఆగాను.

ఖరగ్‌పూర్, 2025 మార్చి 23.

(సంతకం) ప్రశాంతి

సాక్షులు:
బాలత్రిపురసుందరి, బడి ఆయా
దావీదు, సైకిల్ షాపు (చదవకుండా పెట్టనన్నారు. చదివి, పెట్టారు.)