భుజం మీది తెల్ల ఉన్ని

వనపర్తి, శుక్రవారం

నాయనకు దండాలు. నా జ్వరం తగ్గింది, దిగులుపడకు. కానీ నిన్న బడిలో ఒక మాట విన్నాను, అది చెప్పాలనే రాస్తున్నాను.

ఇంగ్లీషు సారు అడ్జెక్టివ్ ఫ్రేజు చెప్తున్నారు. మనిషి ఎట్లాంటివాడో కలిసి తెలిపే మాటల గుంపు అట. గద్వాల సంతలో తాను చూసిన గొర్లకాపరిని ఉదాహరణగా తీసుకుని, ‘తెగిన ఎడమ చెవితో’, ‘భుజాన తెల్ల ఉన్నితో కుట్టిన నల్ల గొంగడిలో’ అని ఇంగ్లీషులో బోర్డు మీద రాశారు. నల్ల ఉన్ని అయిపోయి అమ్మ తెల్లదానితో కుట్టింది మన కురుమయ్యన్న గొంగడినే కదా!

నేను లేచి, "సారూ, ఆయన మా అన్న! మందతోని కృష్ణ వరదల కొట్టుకపోయిండని ఏడ్చినం" అన్నాను.

సారు తెల్లబోయారు. "ఏ ఊరని అడిగితే తల వంచుకున్నడురా. మంద మునిగింది, ఏ మొఖంతోని ఇంటికి పోవాలె అన్నడు."

బాలన్న మామను వెంటనే గద్వాలకు పంపు. నా దుప్పటి కూడా ఎవరితోనైనా పంపు. కుంటి మేక ఈనిందా? అమ్మకు మెల్లగా చెప్పు. అమాసనాడు వదిన గాజులు తీయించాలన్న కులపెద్దలకు మాత్రం గట్టిగా చెప్పు.

వదినకు నా దండాలు. కొత్త గాజులు తొడుక్కొమ్మను.

నీ చిన్న కొడుకు
ఎల్లప్ప